సవరణ: ఇంగ్లండ్‌లో లీజ్‌హోల్డ్ ఫ్లాట్ రిపేర్ బిల్లు విషయం

పోయిన పోస్టులో, సెక్షన్ 20 నోటీసు (పెద్ద రిపేర్లకు ముందు, లీజు మీద ఫ్లాట్ కొన్న మనలాంటి లీజ్‌హోల్డర్లకి ఇవ్వాల్సిన నోటీసు) ఇవ్వకుండా ఫ్రీహోల్డర్, అంటే బిల్డింగ్ అసలు ఓనరు, రూఫ్ రిపేర్ చేయిస్తే మనం పైసా కట్టక్కర్లేదు అని ఉంది కదా, అది అలా కాదండి. 1985 నాటి ల్యాండ్‌లార్డ్ అండ్ టెనెంట్ చట్టం ప్రకారం ఆ పనికి ఒక్కో ఫ్లాట్ నుంచి 250 పౌండ్ల దాకా వసూలు చేసుకోవచ్చు, ఆపైన అడగాలంటేనే ముందు నోటీసులిచ్చి మనం చెప్పేది వినాలి. పైగా ఫ్రీహోల్డర్లు ఇలాంటి తగాదాలు తేల్చే ట్రిబ్యునల్‌కెళ్లి ఆ నోటీసు రూల్ నుంచి మినహాయింపు కూడా తెచ్చుకోవచ్చు, 2013లో డేజాన్ కేసులో అక్కడి సుప్రీంకోర్టు తీర్పు వచ్చాక ఊరికే నోటీసు రాలేదంటే సరిపోవట్లేదు, దానివల్ల మనకేం నష్టం జరిగిందో చూపించాలి. అందుకే బిల్లు ఆపేసి కూర్చున్నవాళ్లు కాస్త చూసుకోండి, అభ్యంతరం రాతపూర్వకంగా పెట్టి కట్టేసినా సరే, రేటు ఎక్కువైందని తర్వాత ట్రిబ్యునల్‌లో అడిగే హక్కు పోదు.