వికీ ప్రయోగశాల వారికి ఒక విన్నపం

మహారాజశ్రీ ప్రయోగశాల (వికీపీడియాలో రాత సాధన చేసుకునే పుట) వారికి,

నమస్కారములు. వ్యాసపుటలో ఒక్క వాక్యం అదనంగా చేర్చినా చర్చాపుటలో సంజాయిషీ చెప్పుకోవలసిన మన వికీలో, ఎవరైనా వచ్చి ఏదైనా రాసి ప్రచురించుకోవచ్చునని అభయమిచ్చిన పుట తమరొక్కరే. అందుకే కొత్త వాడుకరి ముందుగా తమ వద్దకే వచ్చి, తన పేరును ఒకసారి బొద్దుగానూ మరొకసారి వాలుగానూ రాసి చూసుకుని, ధైర్యం చిక్కగానే గణితానికి దిగుతాడు. మూలాలు ఎవరూ అడగని ఈ పుటలో అందరూ రాసేది వర్గ సమీకరణపు మూలాలనే.

ఆ తరువాతి వైభవం తమకు తెలియనిది కాదు. వికీలో సూత్రాన్ని మ్యాథ్ ట్యాగు అనే గుర్తుల నడుమ, లేటెక్ అనే సంకేతభాషలో రాయాలి కదా. ఎక్స్‌కు 10ని ఘాతంగా వేయబోయి ఫ్లవర్ బ్రాకెట్లు మరచిన వారికి 1 పైకెక్కుతుంది, 0 నేలమీదే మిగిలిపోతుంది. సైన్‌కు ముందు బ్యాక్‌స్లాష్ పెట్టని వారికి త్రికోణమితి ప్రమేయం బదులు ఎస్, ఐ, ఎన్ అనే మూడు చలరాశుల లబ్ధం దక్కుతుంది. మ్యాథ్ ట్యాగు దండగ అనుకుని, ఎఫ్ పక్కన రెండు అపాస్ట్రఫీలు పెట్టి ద్వితీయ అవకలజాన్ని తేల్చేయబోయిన వారి పంక్తిలో ఆపైన ఉన్నదంతా పక్కకు వాలిపోతుంది; వికీ దృష్టిలో అది కలనగణితం కాదు, వాలు అక్షరాలకు ఆజ్ఞ. తన గ్రంథపు ప్రూఫులు కంటికి ఇంపుగా లేవని డొనాల్డ్ కనూత్ 1977లో టెక్ అనే అక్షరకూర్పు ప్రోగ్రాం రచనకు పూనుకోగా, దానిపై లెస్లీ లాంపోర్ట్ లేటెక్‌ను నిర్మించగా, అంతటి సౌందర్యదృష్టి చివరకు తమ పుటలో ఎర్రటి దోష సందేశమై వెలుస్తున్నది. (ప్రచురించకముందే ఫలితాన్ని చూపే మునుజూపు అనే మీట ఒకటి ఉన్నదని చెప్పి ఎవరి ఉత్సాహాన్నీ చల్లార్చదలచుకోలేదు.)

అయితే తప్పులతో నాకు పేచీ లేదు, వాటి కోసమే తమరున్నారు. నా పేచీ ఒప్పులతో. తెరిచిన బ్రాకెట్లన్నీ ఓపికగా మూసి, వర్గమూలపు గుర్తు కింద విచక్షణిని (బి వర్గం మైనస్ 4ఏసీని) కుదురుగా కూర్చోబెట్టిన వాడుకరి, ప్రచురించి, కాసేపు మురిసి, ట్యాబు మూసి వెళ్ళిపోతాడు. ఆ సూత్రం ఏ వ్యాసానికీ చేరదు. తరువాత వచ్చినవారు దానిని చెరిపి, తమ పేరు బొద్దుగా రాసుకుంటారు. చెరిపినది నశిస్తుందా అంటే అదీ లేదు: చరిత్ర ట్యాబులో కూర్పు వెంట కూర్పుగా అదే సమీకరణం పదేపదే సాధింపబడి భద్రంగా ఉంటుంది. దాని అవసరం ఉన్న వ్యాసంలో మాత్రం బి పక్కన 2 ఇంకా పైకెక్కనే లేదు.

కావున, ఎవరైనా సూత్రాన్ని సరిగా ప్రచురించిన వెంటనే "ఇది ఏ వ్యాసానికి?" అని అడిగే మూసనొకదానిని (పుటలో అతికించే సిద్ధ సందేశాన్ని) తమ నెత్తిన పెట్టించుకోవలసిందిగా ప్రార్థన. అంతటి కాఠిన్యం తమ స్వభావానికి సరిపడదనుకుంటే, కనీసం వర్గ సమీకరణానికి కొన్నాళ్ళు విశ్రాంతినిచ్చి, వచ్చినవారిని మాత్రికల వైపు మళ్ళించండి. అక్కడ నిలువు వరుసలను విడదీయడానికి ఆంపర్‌సాండ్, అడ్డువరుసను ముగించడానికి రెండు బ్యాక్‌స్లాష్‌లు కావాలి కనుక తమ పుటలో ఎర్ర రంగుకు లోటు రాదు.

ఇట్లు,
ఇటీవలి మార్పులను గమనిస్తుండే ఒక వాడుకరి