సవరణ: తొలి సింగిల్‌లో డ్రమ్స్ రింగోవే

మొన్న ఇంగ్లిష్ రాక్ బ్యాండ్ బీటిల్స్ డ్రమ్మర్ రింగో స్టార్ గురించి రాస్తూ, ఆ బ్యాండ్ తొలి సింగిల్ (విడిగా రికార్డుగా విడుదల చేసిన పాట) ‘లవ్ మీ డూ’లో ఆయన డ్రమ్స్ వాయించనే లేదని, టాంబరిన్‌తో (చేత్తో ఊపి మోగించే గలగల వాయిద్యం) సరిపెట్టుకున్నాడని రాసేశాను. అది తప్పు.

ఆ పాటను 1962 సెప్టెంబరులో లండన్‌లో రెండుసార్లు రికార్డు చేశారు. 4న డ్రమ్స్ వాయించింది రింగోనే. బ్యాండ్‌లో చేరి అప్పటికి మూడు వారాలైనా కాలేదు, పాపం! ఆ వాయింపు నిర్మాతలకు నచ్చక, 11న ఆండీ వైట్ అనే సెషన్ డ్రమ్మర్‌ను (రికార్డింగుల కోసం డబ్బులిచ్చి పిలిపించుకునే వాద్యకారుడు) పిలిపించి, రింగో చేతికి టాంబరిన్ ఇచ్చారు. కానీ అక్టోబరు 5న సింగిల్‌గా వచ్చింది మాత్రం 4వ తేదీ రికార్డింగే. 1963 ఆల్బమ్‌లో ఉన్నది వైట్ వాయించినది. నేను విన్నది ఆల్బమే, అక్కడే బోల్తా పడ్డాను. గుర్తుపట్టడం తేలికే: టాంబరిన్ గలగల వినిపిస్తే వైట్, లేకపోతే రింగో.

ఇంకోటి. ఆరేళ్లప్పుడు ఆయనకు క్షయ వచ్చిందన్నాను. అప్పుడు వచ్చింది అపెండిసైటిస్, అది ముదిరి కడుపులో ఇన్ఫెక్షన్ అయింది. క్షయ పదమూడో ఏట. డ్రమ్స్ పిచ్చి పట్టింది ఆ క్షయకు చికిత్స పొందిన శానటోరియంలోనే (క్షయ రోగుల ఆసుపత్రి).