గట్టిగా మోగితేనే మంచి షాటా?

చెన్నైలో టేబుల్ టెన్నిస్ నేర్చుకునే పిల్లల తెలుగు తల్లిదండ్రుల వాట్సాప్ గ్రూపుల్లో ఒక వాయిస్ మెసేజ్ తెగ తిరుగుతోంది. అందులో ఉన్నవి మూడు మాటలు. బంతి తగలగానే ‘టక్’మని మోగితే స్ట్రోక్ సరైనది, మెత్తగా వినిపిస్తే తప్పు. మోగే బ్యాటే మంచి బ్యాట్. ఫోన్‌లో రికార్డు చేసి శబ్దాలు పోల్చుకుంటే కోచ్ అక్కర్లేకుండానే లోపాలు పట్టేయొచ్చు. నేను సాయంత్రాలు వేళచ్చేరిలో పిల్లలకు ఆట నేర్పుతాను. చక్కగా లూప్ (బంతిని బ్యాట్‌తో రాసుకుంటూ పైకి తిప్పి కొట్టే స్ట్రోక్) చేస్తున్న పాపను వాళ్ల నాన్న పక్కన నిలబడి “సౌండ్ రావట్లేదేంటమ్మా, గట్టిగా కొట్టు” అని అదిలిస్తుంటే ఊరుకోలేక ఇది రాస్తున్నాను.

మొదటి మాట చూద్దాం. బంతి రబ్బరునీ స్పాంజినీ నొక్కుకుంటూ చెక్కదాకా దిగితే గట్టిగా మోగుతుంది. స్మాష్‌లో జరిగేది అదే. బ్యాట్ బంతిని రాసుకుంటూ పైకి పోతే మాత్రం బంతి అంత లోతుకు దిగదు. రబ్బరు పట్టు వల్లే అది తిరుగుతుంది, శబ్దం పలచగా వస్తుంది. బ్యాక్‌స్పిన్‌తో (వెనకవైపుకు గిర్రున తిరుగుతూ) వచ్చిన బంతిని నెమ్మదిగా, నిండా స్పిన్‌తో లేపాలన్నా, బాగా తిరిగే పొట్టి సర్వీస్ వేయాలన్నా ఈ పలచని తాకిడే కావాలి. పిల్లలకు చేతికి రావడానికి ఎక్కువ కాలం పట్టేదీ ఇదే. అలాగని గట్టిగా మోగిన షాట్‌లో స్పిన్ ఉండదనీ కాదు. పెద్ద ఆటగాళ్ల పవర్ లూప్‌లో బంతి లోతుగా దిగుతుంది, విపరీతంగా తిరుగుతుంది కూడా. బంతి ఎంత లోతుగా దిగిందో శబ్దం చెబుతుంది. వచ్చిన బంతికి ఆ స్ట్రోక్ తగినదా అన్నది దాన్ని బట్టి తేలదు.

ఇక మోగే బ్యాట్ సంగతి. 1952లో బొంబాయిలో జరిగిన ప్రపంచ చాంపియన్‌షిప్‌లో జపాన్ ఆటగాడు హిరోజీ సాటో మందపాటి స్పాంజి బ్యాట్‌తో పురుషుల సింగిల్స్ గెలిచాడు. ఆ బ్యాట్‌కు దాదాపు చప్పుడే లేదు. పింపుల్స్ (చిన్న చిన్న బొడిపెలున్న) రబ్బరు శబ్దానికి అలవాటుపడ్డ ప్రత్యర్థుల లెక్కలన్నీ తప్పాయి. తర్వాతి కాలంలో కొందరు బ్యాట్ రెండు వైపులా ఒకే రంగులో, బంతిని వేర్వేరుగా తిప్పే రబ్బర్లు అంటించుకునేవారు. ఏ వైపుతో కొట్టారో ఎదుటివాళ్లు చెవితో పట్టేయకుండా సర్వీస్ చేస్తూ కాలు నేలకేసి కొట్టేవారు. అందుకే రెండు వైపులా వేర్వేరు రంగులుండాలన్న నిబంధన వచ్చింది. ఇదంతా ఎందుకు చెబుతున్నానంటే, చెయ్యి అదే, ఊపు అదే అయినా రబ్బరు మారితే శబ్దం మారిపోతుంది. 2014 తర్వాత సెల్యులాయిడ్ పోయి ప్లాస్టిక్ బంతి వచ్చినప్పుడూ మారింది. మన చెన్నై తేమకు రబ్బరు మీద చెమ్మ చేరి బంతి జారినా మారుతుంది. ఆ మార్పుకు పిల్లను తిట్టడం అన్యాయం.

ఫోన్ విషయానికొస్తే, చాలా ఫోన్లు రికార్డు చేసేటప్పుడు శబ్దం స్థాయిని వాటంతటవే సర్దేస్తాయి. అపార్ట్‌మెంట్ క్లబ్‌హౌస్ గోడల ప్రతిధ్వని దానికి తోడు. అలాంటి రికార్డింగ్‌తో ఏది గట్టిది, ఏది మెత్తనిది అని తీర్పు చెప్పలేం.

రికార్డింగ్ పూర్తిగా దండగ అనను. ఆ మెసేజ్‌లో అసలు లేని ఉపయోగం ఒకటుంది. ప్రతి షాట్‌కూ రెండు చప్పుళ్లుంటాయి, బంతి టేబుల్ మీద పడ్డప్పుడు ఒకటి, బ్యాట్‌కు తగిలినప్పుడు ఇంకొకటి. ఆ రెంటి మధ్య ఎడం వినాలి. బంతి లేస్తుండగానే బ్యాట్ అడ్డుపెట్టి బ్లాక్ చేస్తే ఎడం చిన్నది, దిగేటప్పుడు లూప్ చేస్తే పెద్దది. ఒకే వేగంతో బంతులు అందిస్తున్నా ఎడం ఒకసారి చిన్నదిగా, ఒకసారి పెద్దదిగా వస్తుంటే పాప బంతిని ఒక్కోసారి ఒక్కో చోట అందుకుంటోందన్నమాట. అలాంటప్పుడు ముందు కాళ్ల కదలిక చూడండి.

బధిరుల ఒలింపిక్స్‌లో టేబుల్ టెన్నిస్ ఉంది. అక్కడ వినికిడి యంత్రాలు తీసేసి ఆడాలి. ఆ క్రీడాకారులు అంత మంచి స్ట్రోకులు శబ్దంతో సరిచూసుకుని నేర్చుకున్నారని ఎవరూ అనలేరు కదా.

లూప్‌లో స్పిన్ పడిందో లేదో తెలియాలంటే అవతలివైపు చూడండి. ఎదుటి పిల్లాడు బ్యాట్ నిటారుగా పెట్టి బ్లాక్ చేసినప్పుడు బంతి పైకి లేచి టేబుల్ దాటిపోతుంటే మీ పాప బాగా తిప్పినట్టే, మీకు ఏ చప్పుడూ వినపడకపోయినా సరే.