అలమరలో అమరత్వం

ఆలివ్ నూనెకు మరణం లేదని నమ్మే మతం ఒకటి మన మధ్య నిశ్శబ్దంగా వర్ధిల్లుతోంది. దీని భక్తులను గుర్తుపట్టడం తేలిక. వాళ్ల వంటగదిలో పొయ్యి పక్కనే, కిటికీ ఎండ సూటిగా పడే గట్టు మీద, వచ్చినవాళ్లకు లోపలి బంగారు రంగు కనిపించేలా ఒక తెల్లగాజు సీసా కొలువై ఉంటుంది. ఆ నూనెను పాడుచేసేవి వెలుతురు, వేడి, గాలి. మూడింటినీ ఒకే గట్టు మీద సమావేశపరచి, మూత సగమే బిగించి, దానికి 'జాగ్రత్తగా దాచుకోవడం' అని పేరు పెడతారు.

గడువు దాటిందని మీరు సీసా తిప్పి చూపించారో, అయిపోయారు. "అవన్నీ కంపెనీవాళ్లు కొత్తది కొనిపించడానికి వేసే తేదీలండీ" అంటాడు ఇంటాయన. ఇందులో సగం నిజముంది, ఆయన ఆ సగంతోనే కాలక్షేపం చేస్తాడు. ఆ తేదీ దాటిన మర్నాడు నూనె విషమైపోదు. అప్పటిదాకా రుచీ వాసనా బాగుంటాయని తయారీదారు ఇచ్చిన మాట, అంతే. మూత తీయకుండా చీకట్లో, చల్లటి చోట ఉంచితే గడువు దాటాక కూడా నిక్షేపంగా ఉండవచ్చు. ఈయన సీసా మూత తీసి రెండు వేసవులు గడిచాయి.

అప్పుడు మొదలవుతుంది వాసన పరీక్ష. ఇంటిల్లిపాదీ కూర్చుంటారు. సీసా చేతులు మారుతుంది. పిల్లవాడు ఒక్కసారి పీల్చి "క్రేయాన్ల వాసన" అంటాడు. ఆ విషయంలో ఆ గదిలో వాడికి మించిన నిపుణుడు లేడు. నాయనమ్మ మొహం తిప్పుకుని "తలుపు బందులకు పొయ్యండిరా" అంటుంది. అల్లుడు మర్యాదస్తుడు, "పాత అక్రోటు పప్పులా ఉంది మామయ్యగారూ" అని నసుగుతాడు. ఇంటాయన చివరగా అందుకుని, కళ్లు మూసుకుని, దీర్ఘంగా పీల్చి తీర్పు చెబుతాడు: "అసలైన ఎక్స్‌ట్రా వర్జిన్ వాసనే ఇది. మీకు అలవాటు లేదు." పైగా నిలవ ఉన్నకొద్దీ విలువ పెరుగుతుందట! ద్రాక్షసారా గురించి ఎక్కడో విన్నది ఇక్కడ వడ్డించేశాడు.

అయ్యా, ఆలివ్ నూనెల్లో మేలురకమైన ఎక్స్‌ట్రా వర్జిన్ అనిపించుకోవాలంటే ఆమ్లత 0.8 శాతం మించకూడదు, రుచి చూసే నిపుణులకు ఒక్క దోషమూ తగలకూడదు. ముక్కిపోవడం ఆ దోషాల జాబితాలోనే ఉంది. అంటే బిరుదు చీటీ మీదే మిగిలింది, లోపలి నూనె ఎప్పుడో రాజీనామా చేసింది. తాజా నూనె గొంతులో చురుక్కుమనిపించే, ఒంటికి మంచిదని చెప్పుకునే ఓలియోకాంథాల్ అనే పదార్థం కూడా కాలంతోపాటు తగ్గిపోతుంది. ఆరోగ్యం కోసమే వాడుతున్నామనేవాళ్లు ఈ మాట ఒకసారి చెవిన వేసుకోవాలి.

పాత సీసాల భక్తికి ఇటలీలోని నేపుల్స్ పురావస్తు మ్యూజియం తీర్థక్షేత్రం కావచ్చు. క్రీ.శ. 79లో వెసూవియస్ అగ్నిపర్వతం బద్దలైనప్పుడు పూడిపోయిన సీసా ఒకటి అక్కడ ఉంది. అందులోది ఆలివ్ నూనేనని 2020లో శాస్త్రవేత్తలు తేల్చారు. వాళ్లెవరూ రొట్టె ముంచుకోలేదు.

రోమన్లకే నయం, నూనె ముక్కిపోతుందని తెలుసు. రోమ్‌లో మోంటే టెస్టాచ్చో అని సుమారు 35 మీటర్ల గుట్ట ఉంది, అంతా పగలగొట్టిన నూనె కుండల పెంకులే. మట్టిలో ఇంకిన నూనె ముక్కిపోయి కుండ మళ్లీ పనికిరాదని పారేసి, కంపు అణచడానికి పైన సున్నం చల్లారు. ఆ కుండల మీద బరువు, వర్తకుడి పేరుతోపాటు ఆ ఏటి ఉన్నతాధికారులైన కాన్సుళ్ల పేర్లతో సంవత్సరం కూడా కుంచెతో రాసుకున్నారు.

ఈనాటి సీసాల మీద ఏముంది? గడువు ఉంటుంది, మామూలుగా నింపిన రోజు నుంచి 18, 24 నెలలు. కాయ ఎప్పుడు కోశారు, నూనె ఎప్పుడు పిండారు, సీసాలోకి రాకముందు ట్యాంకులో ఎన్నాళ్లు మగ్గింది? చాలా సీసాలు నోరు మెదపవు. ఇది సిగ్గుమాలిన పని. నూనె వయసు దాచిపెట్టి, వెలుతురు పడితే చెడుతుందని తెలిసీ తెల్లగాజులో పోసి, దుకాణం దీపాల కింద నెలల తరబడి నిలబెట్టి, డబ్బు పోసి కొన్నవాడికి సగం చచ్చిన సరుకు అంటగడతారు. ఆపైన చల్లటి చీకటి చోట భద్రపరచండని వాడికే నీతులు! చీటీ మీద కొండకు చోటుంది, చెట్టుకు చోటుంది, బుట్ట మోసే గాడిదకు చోటుంది, మూడు బంగారు పతకాలకు చోటుంది. కోసిన నెల, సంవత్సరం వేయడానికి మాత్రం చోటు లేదట.