పదికి మూడు

తిరుపతి వీధుల్లో కనిపించే తెలుగు బోర్డులు రెండు రకాలు. వత్తులు మింగేసేవి కొన్ని, అక్కర్లేని చోట కూడా తగిలించేవి కొన్ని. "ఇచ్చట భోజనం లబించును" మొదటి రకం. కొండకు పోయే భక్తుల కోసం "సెల్‌ఫోన్లు, లగేజి భధ్రపరచబడును" అని రాసేది రెండో రకం. వత్తు ఎక్కువైతే సామాన్లు ఇంకాస్త భద్రంగా ఉంటాయని వాళ్ళ నమ్మకం కాబోలు.

పిల్లల్ని అని లాభం లేదు. మాట్లాడేటప్పుడు పెద్దవాళ్ళం మాత్రం వత్తులు ఎక్కడ పలుకుతున్నాం? "బోజనం అయిందా" అంటాం, "బయం లేదులే" అంటాం. పైగా చిత్తూరు దాటితే తమిళం. ఆ లిపిలో క, ఖ, గ, ఘ నాలుగింటికీ ఒకటే అక్షరం. అదృష్టవంతులు. చెవిన పడని వత్తు చేతికి ఎక్కడి నుంచి వస్తుంది? కాబట్టి స్పెల్లింగును కంటితో పట్టాలన్నది మా నాయన సిద్ధాంతం. ఆయన తెలుగు అయ్యవారుగా చేసి రిటైరయినాడు. 1885లో మొదట అచ్చయిన శబ్దరత్నాకరం నిఘంటువు తాలూకు తర్వాతి ముద్రణ ఒకటి ఆయన మంచం పక్కన ఉంటుంది. దాని మీద కాఫీ గ్లాసు పెట్టే ధైర్యం ఇంట్లో ఎవరికీ లేదు.

మా అన్న కొడుకు ఎనిమిదో తరగతి. తెలుగు డిక్టేషన్‌లో వాడి మార్కులు చూసి మా అన్న మండిపడి, తప్పు పోయిన మాటను వందసార్లు రాయమన్నాడు. వాడు టీవీ చూసుకుంటూ "విధ్యార్థి" అని వందసార్లూ రాసేశాడు. మొదటిసారి రాసింది తప్పు. మిగతా తొంభై తొమ్మిది సార్లూ ఆ తప్పుకు సిమెంటు పూయడం. నాయన ఆ నోట్సు తిరగేసి, "ఇదెవురు చెప్పిన వైద్యమురా?" అని మా అన్నను నిలదీశాడు. ఆ రోజుతో కేసు ఆయన చేతిలోకి పోయింది.

ఆయన పద్ధతిలో మాటను ముందు బాగా చూడాలి. తర్వాత చేత్తో మూసి, గుర్తున్నట్టు రాయాలి. చేయి తీసి అక్షరం అక్షరం సరిచూసుకోవాలి. రోజుకు ఐదు మాటలకు మించి ఇవ్వడు కానీ, మనం మరిచిపోయి హాయిగా ఉన్న సమయం చూసి అవే మళ్ళీ అడుగుతాడు. ఏ మాటనూ ఒంటరిగా చెప్పడు, చుట్టాలతో సహా చెప్తాడు. 'విద్య' వచ్చిందంటే విద్యార్థి, విద్యాలయం వెనకే వస్తాయి. 'మధ్య'ను పట్టుకుంటే మధ్యాహ్నం, మధ్యవర్తి దొరుకుతాయి. వాడు పదే పదే తప్పే మాటలకు వేరే చిన్న పుస్తకం పెట్టించాడు. ఫోనులో తెలుగు టైపింగ్ మాత్రం నిషేధం. ఇంగ్లీషు అక్షరాలు కొడితే ఫోనే ఏదో ఒక తెలుగు మాట చూపిస్తుంది, వీడు దాన్ని నొక్కి ఊరుకుంటాడు.

ఇంతవరకు బాగానే ఉంది. ఆ తర్వాత నాయన వాడి చేతికి ఎర్ర పెన్ను ఇచ్చాడు. పరాయి తప్పు పట్టడం నేర్చిన కన్ను సొంత తప్పునూ వదలదట. కరపత్రాలు, మిఠాయి పొట్లాల కాగితాలు అన్నీ దిద్దడం మొదలైంది. సాయంత్రాలు గాంధీ రోడ్డు మీద తాతా మనవళ్ళ వేట. కనిపెట్టిన తప్పుకు ఒక రూపాయి అని ఒప్పందం. బస్టాండు వైపు ఒకసారి పోయొచ్చేసరికి పెన్షన్‌కు చిల్లు పడి, రూపాయి కాస్తా చాక్లెట్టుగా మారింది.

అప్పుడే మా అన్న కూతురికి పెళ్ళి కుదిరింది. కార్డు ప్రూఫు వాట్సాప్‌లో వస్తే మా అన్న బస్సులో కూర్చునే ఓకే చెప్పేశాడు. "నాయనకు చూపించలేదా?" అంటే, "ఆయనకిస్తే పెండ్లి అయినాంక వస్తుంది ప్రూఫు" అన్నాడు. అచ్చయి వచ్చిన కార్డులకు వదిన నాలుగు మూలలా పసుపు రాసింది. కవర్లలో పెట్టే పని పిల్లోడికి అప్పగించింది. వాడు మిద్దె మీద గదిలో తలుపేసుకుని రెండు రోజులు కిందికి దిగలేదు. "ఎంత బుద్ధిగా ఉండాడో చూడు" అని వదిన మురిసిపోయింది. కార్డులు పంచేశాం.

మొదటి ఫోను చిత్తూరు మామది. "ఏమప్పా, పెండ్లికి పిలిచినారా, పరీక్ష పేపరు పంపినారా? పదికి మూడు అని ఏసుండాది. కింద తల్లిదండ్రుల సంతకం అంట. మా అమ్మా నాయనా పొయ్యి ఎన్నేండ్లాయె, ఎవుర్తో పెట్టించాల?"

మిగిలిన కవర్లు విప్పి చూశాం. శుబలేఖ, భందుమిత్రులు, ఆశిర్వదించి, మద్యాహ్న విందు, ఇట్లా మొత్తం ఏడు తప్పులు. అన్నిటికీ ఎర్రటి సున్నాలు, పైన సరైన మాటలు, తప్పుకొక మార్కు కోత. ప్రతి కార్డుకూ అంతే, ఒక్కటీ వదల్లేదు. వియ్యాలవారికి పోయిన కట్ట గుర్తొచ్చి వదిన గోడకు చేరగిలబడింది. మా అన్న బెల్టు మీద చేయి వేశాడు.

నాయన మాత్రం కళ్ళద్దాలు పెట్టుకుని కార్డు మొత్తం చదివాడు. ముఖం వెలిగిపోయింది. అంతలోనే ముడుచుకుంది. "ముహుర్తం అని ఉంటే వదిలేసినావే! హూ దీర్ఘం కదరా. రెండు మార్కులే రావాల దీనికి."

అప్పటికి వదినకు అసలు భయం పట్టుకుంది. మొదటి కార్డు స్వామివారికి పంపడం మా ఆనవాయితీ. కేటీ రోడ్డులోని దేవస్థానం పరిపాలన భవనానికి కార్డు చేరితే తలంబ్రాలు, కుంకుమ ఆశీర్వచనంగా పంపుతారు. ఆ కవరును మా అన్నే విప్పకుండా తీసుకెళ్ళి ఇచ్చి వచ్చాడు.

"ఒరే, స్వామికి పొయ్యే కార్డులో కూడా మూడేనా వేసినావు?" అంది వదిన, ఏడుపు గొంతుతో.

"లేదమ్మా, పాసు మార్కులు ముప్పై అయిదు కదా. స్వామిది ఫెయిలైతే బాగుండదని నాలుగు వేసినా."