జనం లేని క్యోటో కావలెను

క్యోటో చూడ్డానికి ప్రైవేటు గైడెందుకండీ, ఫోన్లో మ్యాపుంది కదా అనే పిసినారులు ఇంకా మన మధ్య తిరుగుతూనే ఉన్నారు. వాళ్ళ మీద నాకు కోపం లేదు, జాలే. గైడంటే గుళ్ళు చూపించే మనిషి అనుకుంటున్నారు పాపం. గుళ్ళకేం, ఎక్కడికీ పోవు. 794లో రాజధాని అయిన ఊరు, వెయ్యేళ్ళకు పైగా చక్రవర్తులు కాపురమున్న ఊరు. దారి తప్పినా ఏదో ఒక గుడి ముందే తేలతాం. ప్రైవేటు గైడు చేసే పని అంతకంటే చాలా గొప్పది. జనంతో కిక్కిరిసిపోయిన ఊళ్ళో, ఆ జనంలో మనం లేమని మనకి నమ్మకం కుదర్చడం.

2024లో జపాన్‌కి వచ్చిన విదేశీయులు 3 కోట్ల 68 లక్షల పైచిలుకు. అందులో క్యోటో మొహం చూడకుండా తిరిగెళ్ళిన వాళ్ళుంటే పట్టుకుని శాలువా కప్పాలి. మిగతావాళ్ళందరికీ కావలసింది ఒకటే. ఫుషిమి ఇనారి కొండగుడి ఎర్ర తోరణాల కింద తానొక్కడే, ఏదో తత్త్వం బోధపడినట్టు, నడిచిపోతున్న ఫొటో. ఆ తోరణాలు పదివేల దాకా ఉంటాయంటారు. ఒక్కోదాని వెనక, సమర్పించుకున్న కంపెనీ పేరూ తేదీ నల్లటి అక్షరాల్లో రాసి ఉంటాయి. మన గుళ్ళో ట్యూబులైటు మీద దాత పేరు రాస్తే, వెలుతురు కంటే పేరే ఎక్కువగా ఉందని నవ్వుతాం. అక్కడ అదే పనిని కళ అంటాం, ఎందుకంటే చదవలేం. పైగా కట్టినవాళ్ళు తెలివైనవాళ్ళు. పేర్లు కొండ దిగేవాళ్ళకే కనబడతాయి. ఎక్కేటప్పుడు దైవం, దిగేటప్పుడు స్పాన్సర్లు.

కొండ ఎత్తు 233 మీటర్లే. జనం పలచబడేది సగం కొండెక్కి యోత్సుత్సుజి కూడలి దాటాక. ఈ రహస్యం చెప్పడానికే గైడు. కానీ చూడండి, మెట్లెక్కే వయసులో గైడుని పెట్టుకునే డబ్బుండదు, గైడుని పెట్టుకునే డబ్బొచ్చేసరికి మోకాళ్ళుండవు. అందుచేత ప్రైవేటు బృందాలన్నీ కిందే ఆగి, పది ప్రైవేటు బృందాలతో కలిసి ఏకాంతాన్ని అనుభవిస్తుంటాయి.

ఈ గైడు వృత్తి ఆషామాషీ వ్యవహారం కాదు. 1949లో చట్టం చేసి, జాతీయ పరీక్ష పెట్టి, పాసైనవాళ్ళకే డబ్బు తీసుకుని విదేశీయులకి ఊరు చూపించే హక్కిచ్చారు. భాష, భూగోళం, చరిత్ర, లోకజ్ఞానం, ఆ పైన ముఖాముఖి. 2018 జనవరి నుంచి ఆ గుత్త హక్కు తీసేశారు. ఇప్పుడు ఎవరైనా డబ్బు తీసుకుని గైడు పని చెయ్యొచ్చు, లైసెన్సున్న గైడునని చెప్పుకోకూడదంతే. పరీక్ష మాత్రం ఇంకా ఉంది, పది భాషల్లో. థాయ్ ఉంది, పోర్చుగీసు ఉంది. హిందీ లేదు, తెలుగు సంగతి అడగనే అక్కర్లేదు. కాబట్టి పన్నెండు వందల ఏళ్ళ చరిత్ర మనకి గైడు ఇంగ్లీషులో వస్తుంది, మన ఇంగ్లీషులో చేరుతుంది. మధ్యలో ఎన్ని వంశాలు రాలిపోయినా ఎవరికీ నష్టం లేదు.

రోజంతా వెంట ఉండే గైడుకి నలభై యాభై వేల యెన్లు అడగడం మామూలే. గైడు టికెట్లూ, బస్సూ, మధ్యాహ్న భోజనమూ మన ఖాతాలోనే. టిప్పు మాత్రం అడగరు, ఇవ్వబోతే ఇబ్బంది పడతారు. జపాన్ సంస్కృతిలో మనవాళ్ళకి తక్షణం నచ్చే అంశం ఇదొక్కటే. ఖర్చులు భరిస్తే చాలు, ఫీజు లేకుండా తిప్పే స్వచ్ఛంద గైడ్లు కూడా ఆ ఊళ్ళలో ఉన్నారు. కానీ ఊరికే వచ్చే జ్ఞానాన్ని మనం నమ్మం. రేపు వాట్సాప్‌లో ఏం రాసుకుంటాం?

ఇక్కడ కొందరు అమాయకులు ఇంకో ప్రశ్న వేస్తారు. ప్రైవేటు టూరు కదా, గైడే కారు తోలుకుంటూ తిప్పొచ్చుగా? తిప్పకూడదు. కిరాయికి జనాన్ని ఎక్కించుకునే బండికి ఆకుపచ్చ నంబరు ప్లేటుండాలి, మనకి పసుపు ప్లేటున్నట్టు. తెల్ల ప్లేటు సొంత కారులో డబ్బు తీసుకుని తిప్పితే నేరం. కారూ డ్రైవరూ కావాలంటే వేరే బిల్లు. ఆ బిల్లు చూశాక టూరుకొచ్చిన ఏ మావయ్యగారికైనా ప్రజా రవాణా మీద హఠాత్తుగా గౌరవం పుడుతుంది. ఫలితం, నలభై వేలు పోసి కొన్న ఏకాంతం 230 యెన్ల సిటీ బస్సులో, ఒంటికాలి మీద, ఇద్దరు ఫ్రెంచివాళ్ళ వీపుసంచుల మధ్య ప్రయాణం చేస్తుంది. అక్కడ కూడా గైడు మన కోసం ప్రత్యేకంగా నిలబడుతుంది. అది గ్రూపు టూర్లో దొరకదు.

బుక్ చేసుకునే ముందు ఒక ఫారం పంపిస్తారు. మీ అభిరుచులేమిటి? తోటలా, టీ సంప్రదాయమా, సమురాయ్ చరిత్రా, చేతిపనులా? కుటుంబమంతా కూర్చుని, పిల్ల చేత నింపించి, మూడు పేరాల అభిరుచులు పంపుతారు. అటునుంచి మీ అభిరుచికి తగ్గట్టు తయారైన పథకం వస్తుంది. ఫుషిమి ఇనారి, కియోమిజుదేరా, కిన్కాకుజి, అరషియామా వెదురుతోపు. అభిరుచులు ఫారంలోనే భద్రంగా ఉంటాయి.

అట్టడుగున ‘ఎవరికీ తెలియని క్యోటో’ అని ఒక వరస కూడా ఉంటుంది. ఆ ఎవరికీ తెలియని చోట్ల జాబితాని క్యోటో నగరపాలక సంస్థే ప్రకటించింది. ఓహరా, తకావో, యమషినా, కేహోకు, ఇంకా రెండు, మొత్తం ఆరు ప్రాంతాలు. నడిమి ఊళ్ళో రద్దీ తగ్గించడానికి, దయచేసి రహస్యంగా అటు వెళ్ళండని అన్ని భాషల వాళ్ళకీ చెబుతోంది. రహస్యాన్ని ఇంత నిజాయితీగా పంచిన మునిసిపాలిటీని నేనింకోటి చూడలేదు.

ర్యోఆన్‌జి గుడి రాతితోట దగ్గర కొంచెం ఆగుదాం, ఎందుకంటే ప్రైవేటు టూరు తత్త్వమంతా అక్కడి వరండాలోనే ఉంది. తెల్లటి కంకర, దాని మీద పదిహేను రాళ్ళు, చుట్టూ నాచు. వరండాలో ఎక్కడ కూర్చున్నా పద్నాలుగే కనబడేలా పేర్చారు. మన కుటుంబం ఒకటి అక్కడ చేరింది. మావయ్యగారు చూపుడు వేలుతో గాల్లో పొడుస్తూ లెక్కపెట్టారు.

“పద్నాలుగేనే.”

“సరిగ్గా చూడండి, ఆ మూల చిన్నదొకటుంది,” అన్నారు అత్తయ్యగారు.

“అది కలిపే పద్నాలుగు.”

జరిగి కూర్చున్నారు. మళ్ళీ పద్నాలుగే, కాకపోతే ఈసారి వేరే పద్నాలుగు. గైడు గొంతు తగ్గించి, మొత్తం పదిహేనూ ఒక్కసారి కనిపించాలంటే జ్ఞానోదయం కావాలంటారండీ అని చెప్పింది. టోక్యోలో ఉద్యోగం చేస్తున్న అల్లుడు దాన్ని తెలుగులోకి దించాడు. మావయ్యగారు కాసేపు ఆలోచించారు.

“ప్రైవేటు టూరే కదా బాబూ మనది. ఆ పదిహేనోది మనకి చూపించమను.”

అల్లుడు ఏం అనువదించాడో తెలీదు. గైడు మాత్రం నడుము దాకా వంగి క్షమాపణ చెప్పుకుంది, రాయి తరఫున. పథకంలో ఆ తోటకి కేటాయించిన పాతిక నిమిషాలూ అయిపోయాయి. ధ్యానం ముగించి లేచారు.

పక్కనే కిన్కాకుజి, బంగారు మందిరం. అషికాగా యోషిమిత్సు విశ్రాంతి భవనంగా 1397లో మొదలుపెట్టాడని గైడు గట్టిగా చెబుతుంది. 1950లో ఒక కుర్ర సన్యాసి నిప్పంటించి బూడిద చేశాడనీ, ఇప్పుడున్నది 1955లో మళ్ళీ కట్టిందనీ, ఈ మెరుపంతా 1987లో తొడిగిన బంగారు రేకుదనీ కొంచెం తగ్గించి చెబుతుంది. మావయ్యగారు 52లో పుట్టారు. ఈ పురాతన కట్టడం ఆయన కంటే మూడేళ్ళు చిన్నది. ఆయనతో ఫొటో దిగడానికి మాత్రం ఎవరూ వరసలో నిలబడరు.

కియోమిజుదేరాలో పదమూడు మీటర్ల ఎత్తున చెక్క వేదిక ఉంది. కోరిక తీరుతుందని ఎదో యుగంలో (1603-1868) జనం దాని మీంచి దూకేవారు. గుడి రికార్డుల్లో 234 దూకుళ్ళు నమోదయ్యాయి, నూటికి 85 మంది బతికారు. 1872లో నిషేధించారు. చెర్రీ పూల సీజన్లో ఆ వేదిక మీద నిలబడి కిందకి చూస్తే, దిగడానికి అంతకంటే దగ్గరి దారి లేదని ఎవరికైనా అనిపిస్తుంది.

కానీ మనవాళ్ళకి నిజంగా చూపించాల్సినవి కొన్ని ఉన్నాయి, వాటిని పథకంలో పెట్టరు. తోజి గుడి ప్రవచన మందిరంలో హంసల మీద బ్రహ్మ, ఏనుగు మీద ఇంద్రుడు తొమ్మిదో శతాబ్దం నుంచీ కూర్చుని ఉన్నారు. సాన్‌జూసాన్‌గెన్‌దోలో వెయ్యిన్నొక్క కన్నోన్ (మన అవలోకితేశ్వరుడు) విగ్రహాల ముందు కాపలా దేవతల వరసలో గరుత్మంతుడు వేణువు ఊదుతుంటాడు. ఆ రెండు చోట్లా లోపల ఫొటోలు నిషేధం. ఫొటో లేని దర్శనం లెక్కలోకి రాదు కనక పాపం ఆ దేవుళ్ళు తెలుగువాళ్ళ బెడద లేకుండా ప్రశాంతంగా ఉన్నారు. క్యోటో స్టేషన్నించి నడిచి వెళ్ళేంత దూరంలో నిషి హోంగాన్‌జి ఉంది. షిన్‌రాన్ అనే బౌద్ధ గురువు సంప్రదాయానికి పెద్ద పీఠం. ఆ సంప్రదాయం ఏడుగురు ఆచార్యులని కొలుస్తుంది, మొదటివాడు నాగార్జునుడు. మన కృష్ణ ఒడ్డున నాగార్జునకొండకి ఎవరి పేరుందో ఆయనే. టికెట్టు లేదు, వరస లేదు. డబ్బు తీసుకోని చోట చూడ్డానికేముంటుందని మనవాళ్ళు స్టేషన్లోకి వెళ్ళి ఐస్‌క్రీం తింటారు. సాగర్ డ్యాం దాకా వెళ్ళి, పడవెక్కి కొండ మీద మ్యూజియం చూడకుండా చేపలు తిని వచ్చే జాతికి ఇది కొత్తేమీ కాదు.

క్యోటో చూసినవాళ్ళు ఎలాగూ వెళ్ళే పక్క ఊరు నారాలో మాత్రం ఇలా కుదరదు. తోదాయ్‌జి గుడిలోని మహాబుద్ధుడికి 752లో కళ్ళు దిద్దింది బోధిసేనుడనే భారతీయ సన్యాసి. కుంచెకి కట్టిన దారాలని పట్టుకుని సభలో ఉన్నవాళ్ళంతా ఆ పుణ్యంలో పాలుపంచుకున్నారట. ఇది విన్న వెంటనే మన బృందం నిటారుగా నిలబడుతుంది. “తెలుగాయనేనా?” అన్న ప్రశ్న రాక తప్పదు. కాదని మొహం మీద చెప్పడం ఆ దేశంలో మర్యాద కాదు. “అయ్యుండొచ్చండీ” అంటుంది గైడు. సాయంత్రానికి హైదరాబాద్‌లో నాలుగు ఫ్యామిలీ గ్రూపుల్లో అది చారిత్రక సత్యం.

బయట జింకలుంటాయి. నా ఉద్దేశంలో ఆ ఊళ్ళో సిసలైన ప్రైవేటు గైడ్లు అవే. రేటు ముందే తెలుసు, 200 యెన్ల బిస్కెట్ల కట్ట. వంగి నమస్కారం పెడతాయి, చరిత్ర చెప్పవు, కట్ట అయిపోగానే వెనక నుంచి కుమ్మి టూరు ముగిసిందని తెలియజేస్తాయి.

భోజనం గురించి ఎక్కువ రాయను, రాస్తే ఏడుపొస్తుంది. మేం చేప తినం అని చెబితే గైడు నాలుగు హోటళ్ళకి ఫోన్ చేసి, చేప లేదు గానీ చేప నీళ్ళున్నాయని కనుక్కుంటుంది. ఎండు చేప రజను మరిగించిన ఆ నీళ్ళు లేకుండా అక్కడ చారూ లేదు, కూరా లేదు. గుళ్ళలో పెట్టే శుద్ధ శాకాహారం ఉంది, అందులో ఉల్లీ వెల్లుల్లీ కూడా పడవు. పన్నెండు చిన్న గిన్నెల్లో వస్తుంది, అత్తయ్యగారు సంచిలోంచి కందిపొడి తీశాక పూర్తవుతుంది. రాత్రికి ఇండియన్ రెస్టారెంటు. వంటాయన నేపాలీ.

క్యోటోలో గీషాల పేట గియోన్ వీధుల్లో అనుభవం మరీ ప్రత్యేకం. పనికి పరిగెత్తే మైకో అమ్మాయిలని, అంటే గీషా విద్య నేర్చుకుంటున్నవాళ్ళని, ఫోన్లతో తరుముతున్నారని విసిగిపోయి, ప్రైవేటు సందుల్లో ఫొటో తీస్తే పదివేల యెన్ల జరిమానా అని 2019లో బోర్డులు పెట్టారు. 2024లో కొన్ని సందుల్లోకి టూరిస్టులు అసలు రావద్దన్నారు. కాబట్టి ఇప్పుడు గైడు మనల్ని సందు మొదట్లో నిలబెట్టి, లోపల ఏముందో వర్ణిస్తుంది. ఎదురుగా అద్దె కిమోనోల్లో ఇద్దరు అమ్మాయిలు వస్తారు. మావయ్యగారు గబగబా నాలుగు ఫొటోలు తీస్తారు. వాళ్ళు గుంటూరు వాళ్ళని మర్నాడు హోటల్ టిఫిన్ల దగ్గర తెలుస్తుంది.

ఇంత చెప్పాక, ఆ ఊళ్ళో పుట్టి పెరిగినవాళ్ళ గురించి ఒక ముక్క అనకపోతే అన్యాయం. వాళ్ళు టూరిస్టుల వల్ల బాధపడుతున్నారని అంటుంటారు. స్టేషన్నించి గియోన్ మీదుగా వెళ్ళే 206 నంబరు బస్సులో మార్కెట్ సంచితో ఒక ముసలావిడ ఎక్కలేక, మూడు బస్సులు వదిలేసి స్టాపులో నిలబడే ఉంటుంది. నగరం వాళ్ళ తిప్పలు వాళ్ళు పడుతున్నారు. రోజువారీ బస్సు పాసు అమ్మకం ఆపేశారు, టూరిస్టులకి 500 యెన్లతో వేరే బస్సు వేశారు, 2026 మార్చి నుంచి మనిషికి రాత్రికి లక్ష యెన్లు, ఆపైన పడే బసకి ఒక్కో మనిషికీ రాత్రికి పదివేల యెన్ల పన్నన్నారు. వేరే ఊరైన హిమేజీలో కోట వాళ్ళు కూడా అదే నెల నుంచి ఊరివాళ్ళకి వెయ్యి, పైవాళ్ళకి 2,500 అని టికెట్టే విడగొట్టారు.

ఇవన్నీ పైపై మందులు. నా దగ్గరో పథకముంది. ఏకాంతం ఇప్పించే విద్య గైడ్ల దగ్గరుంది కదా, దాన్ని టూరిస్టులకి ధారపొయ్యడమెందుకు? ఆ పన్ను డబ్బుతో క్యోటో వాసులందరికీ తలా ఒక ప్రైవేటు గైడుని ఏర్పాటు చెయ్యాలి. ముసలావిడ కూరగాయలు కొనుక్కోగానే గైడు వచ్చి, జనం తక్కువుండే వేళ చూసి, ఎవరికీ తెలియని సందుల్లోంచి ఆవిడని ఆవిడ ఇంటికి చేర్చాలి. తప్పనిసరై బస్సే ఎక్కాల్సొస్తే, ముందు నిలబడి దారి చేయాలి. అందుకు లైసెన్సు పరీక్షలో పదకొండో భాష తక్షణం చేర్చాలి. ప్రశ్న ఒకటే చాలు, మౌఖికం: “కొంచెం లోపలికి జరగండి మావయ్యగారూ, వెనకాల బోలెడు ఖాళీ ఉంది.”