గొట్టంలో నెమ్మదించిన అయస్కాంతం

మా తెలుగు సంఘం మొన్నటి సంక్రాంతి వేడుకల్లో బొమ్మల కొలువు పక్కనే ఒక చిన్న బల్ల వేసి, దానిమీద మీటరు పొడవున్న రాగి గొట్టాన్ని, లోపల పట్టేంత నియోడిమియం అయస్కాంతాన్ని (ఇది చాలా బలమైన రకం), అదే పరిమాణంలో ఉన్న ఇనుప ముక్కను పెట్టాను. ఇనుప ముక్కను గొట్టంలోకి వదిలితే అర సెకను లోపే కింది పళ్లెంలో ఠంగుమని పడింది. అయస్కాంతాన్ని వదిలే ముందు, అది ఎంతసేపట్లో పడుతుందో చెప్పమని పిల్లలను అడిగాను. రాగికి అయస్కాంతం అంటుకోదని అప్పటికే ఆనించి చూసుకున్నారు కనుక, తేడా ఏమీ ఉండదని అందరూ ముక్తకంఠంతో చెప్పారు. వదిలాను. పళ్లెంలో చప్పుడు లేదు. ఒక పాప ముని వేళ్ల మీద నిలబడి గొట్టంలోకి తొంగి చూసి, "అంకుల్, అది ఇంకా దిగుతూనే ఉంది!" అని అరిచింది.

కదిలే అయస్కాంతం గొట్టం గోడలో చుట్టూ తిరిగే విద్యుత్ ప్రవాహాలను పుట్టిస్తుంది. ఆ ప్రవాహాలు తమను పుట్టించిన కదలికనే అడ్డుకుంటాయి. భౌతిక శాస్త్రవేత్త లెంజ్ 1834లో చెప్పిన ఈ నియమాన్ని మనలో చాలామంది ఇంటర్మీడియట్‌లో అక్షరం పొల్లుపోకుండా రాసి మార్కులు తెచ్చుకున్నాము. అయితే ఆ పిల్లలు నియమం వినకముందే ఒక అంచనాకు కట్టుబడ్డారు, అది తప్పింది, ఎందుకు తప్పిందో తెలుసుకోకుండా బల్ల దగ్గరనుంచి కదలలేదు. గొట్టాన్ని నిలువునా చీలిస్తే ఏమవుతుందని ఒక అబ్బాయి అడిగాడు. చుట్టూ తిరిగే దారి తెగిపోతుంది కనుక అయస్కాంతం త్వరగా పడుతుంది. కానీ నేను ఆ జవాబు చెప్పలేదు. తర్వాతి వారం వాళ్ల నాన్నగారి గరాజులో రంపంతో కోసి వాడే చూసుకున్నాడు.

ఈ ప్రయోగం వీడియోలు ఎన్నో ఉన్నాయి, అవి చూడడానికి బాగుంటాయి. కానీ వీడియోలోని గొట్టాన్ని చీల్చి చూడలేము. భౌతిక శాస్త్రవేత్త ఫ్రాంక్ ఓపెన్‌హైమర్ 1969లో శాన్ ఫ్రాన్సిస్కోలో ఎక్స్‌ప్లొరేటోరియం అనే విజ్ఞాన ప్రదర్శనశాలను ప్రారంభించినప్పుడు, సందర్శకులే చేత్తో తిప్పి, మార్చి చూసుకునేలా ప్రదర్శనలను తయారు చేయించారు. మన సంఘాల వేడుకల్లో పాటకు, నృత్యానికి, పద్యానికి, క్విజ్‌కు చోటుంది, ఉండాలి కూడా. చేత్తో చేసి తెలుసుకునే పనికి మాత్రం, మొన్న నేను వేసిన ఆ చిన్న బల్ల తప్ప, ఇంతవరకు ఒక బల్ల కూడా వేయలేదు. ప్రతి వేడుకలోనూ అటువంటి బల్ల ఒకటి తప్పక ఉండాలని నా గట్టి అభిప్రాయం.

ఆ బల్లమీద పెట్టదగిన యంత్రం మన దగ్గరే ఉంది. పోచంపల్లి తరహా పట్టుచీరకు రంగులద్దే ముందు దారాన్ని అర్ధచంద్రాకారంలో బిగించిన మేకుల చుట్టూ పోస్తారు, దీన్నే ఆసు పోయడం అంటారు. ఒక్క చీరకు చెయ్యి సుమారు 9,000 సార్లు అటూ ఇటూ ఆడాలి. తల్లి లక్ష్మి గారి భుజం నొప్పి చూడలేక చింతకింది మల్లేశం గారు 1992లో ఆ చేతి కదలికను యంత్రానికి నేర్పే పనికి పూనుకున్నారు. బడి చదువు మధ్యలోనే ఆగిపోయిన ఆయనకు అది 1999లో గాని పూర్తి కాలేదు. తనకు చిక్కని చివరి కదలిక, బాలానగర్‌లో వేరే పనిమీద ఉండగా చూసిన ఒక యంత్రంలో ఆయనకు కనిపించింది. రోజుల తరబడి ఒక కదలికనే మనసులో మోసిన మనిషికి తప్ప అది అక్కడ కనిపించేది కాదు. ఆ యంత్రానికి తల్లి పేరే పెట్టారు. 2017లో ఆయనకు పద్మశ్రీ వచ్చింది.

వచ్చే ఉగాదికి చెక్కతో, మేకులతో ఆసు నమూనా ఒకటి చేయాలని అనుకుంటున్నాను. ఆసు పోసిన అమ్మమ్మలు, అత్తయ్యలు ఎవరైనా ఆ సమయానికి ఇక్కడికి వస్తే, నమూనా పక్కన కూర్చుని ఆ చేతి కదలికను నెమ్మదిగా చూపించవలసిందిగా వారిని వేడుకుంటున్నాను. అందులో ఏ భాగాన్ని పిడి తిప్పి చేయవచ్చో పిల్లలు ముందు తమ అంచనా చెప్పాలి, ఆ తర్వాతే పిడి వాళ్ల చేతికి ఇద్దాం.